గురక సుఖనిద్ర కాదు
(రాత్రి ఆగే ఊపిరి, పగలు వచ్చే ఆయాసం)

- ఒక సహకార ఇన్‌స్పెక్టరు



ఈ పత్రికలో నేను ఇంతవరకు వ్రాసినవన్నీ ఓచర్లు, నగదు పుస్తకం, సర్వసభ్య సమావేశం, బోనసు పంపకం వంటి విషయాలే. సహకార శిక్షణలో డిప్లొమా చేసి, పాతికేళ్ళకు పైగా పాల సంఘాల లెక్కలు చూస్తూ వచ్చిన వాడిని గనుక నాకు తెలిసిన విద్య అదే. నేను డాక్టరును కాను. అయినా ఈసారి ఊపిరిని గురించి వ్రాస్తున్నాను. కారణమేమంటే, ఈ జబ్బు నాకు వచ్చింది. వచ్చిందని తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. మన సభ్యులలో ఎవరికీ అంత కాలం పట్టకూడదని నా కోరిక.

సంఘంలో జరిగిన సంగతి

రామసముద్రం మండలంలో ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళాను. ఉదయం పది గంటల వేళ. పాల రిజిస్టరు, చెల్లింపుల పట్టీ పక్కపక్కన పెట్టుకొని సరిచూస్తున్నాను. కొంతసేపటికి కార్యదర్శి నా భుజం తట్టి, "ఏం సార్, కండ్లు మూసుకోని లెక్కలు చూస్తా ఉండారు?" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని చేతిలోని పెన్ను గీసిన గీత అంకెల మీదుగా పేజీ చివరి వరకు పోయి వుంది. ఆ పేజీ తిరిగి వ్రాయించవలసి వచ్చింది.

అది మొదటిసారి కాదు. బస్సులో కూర్చుంటే నిద్ర, సమావేశంలో నిద్ర, అన్నం తిన్న వెంటనే నిద్ర. తెల్లవారుజామున లేచి సంఘాలకు పోయే ఉద్యోగం గదా, నిద్ర చాలడం లేదని సరిపెట్టుకున్నాను. గట్టు మీద వున్న పాల సేకరణ కేంద్రానికి నడిచి ఎక్కుతుంటే ఆయాసం వచ్చేది. వయస్సు యాభై దాటింది గదా అనుకున్నాను. పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం వుండేవి. పైత్యమనుకున్నాను. ఒకచోట చూపించుకుంటే గ్యాసుకు మాత్రలు ఇచ్చి పంపారు.

చివరకు ఒకనాడు మోటారు సైకిలు మీద పుంగనూరు వైపు వస్తూ, కన్ను మూతపడి రోడ్డు పక్క మట్టిలోకి దిగిపోయాను. ఎదురుగా ఏ వాహనమూ రాకపోవడం వల్ల మోకాలు గీచుకుపోవడంతో సరిపోయింది. ఆ రాత్రి నా భార్య అసలు సంగతి చెప్పింది. "మీరు గురక పెడితే నాకు భయం లేదండీ, అది ఆగిపోయినప్పుడే నాకు భయం. ఊపిరి వినపడదు. లేచి కూర్చొని మీ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తాను. కాసేపటికి మునిగి తేలినవాడి మాదిరి గట్టిగా పీల్చుకుంటారు" అన్నది. ఎన్నాళ్ళ నుండి అని అడిగితే, నాలుగేళ్ళుగా అన్నది. ముందే ఎందుకు చెప్పలేదంటే, "చెప్పినాను, మీరు నవ్వినారు" అన్నది.

తర్వాత పెద్ద ఆసుపత్రిలో ఒక రాత్రి నిద్ర పరీక్ష చేశారు. నిద్రలో గంటకు 34 సార్లు నా ఊపిరి ఆగడమో, బాగా సన్నగిల్లడమో జరుగుతున్నదని తేలింది. ఇంగ్లీషులో దీని పేరు 'స్లీప్ అప్నియా'. మన మాటలో చెప్పాలంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు.

ఊపిరి ఎందుకు ఆగుతుంది?

గొంతు వెనుక భాగం ఎముకతో కట్టిన గొట్టం కాదు. అది కండరాలతో చేసిన మెత్తని దారి. మెలకువగా వున్నప్పుడు ఆ కండరాలు బిగువుగా వుండి దారిని తెరిచి వుంచుతాయి. నిద్రపోయినప్పుడు అవి వదులవుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక కూడా వెనక్కు జారుతుంది. మెత్తని రబ్బరు గొట్టాన్ని నోట పెట్టుకొని గట్టిగా పీల్చి చూడండి, దాని గోడలు లోపలికి వచ్చి అతుక్కుంటాయి. గొంతులోనూ అదే జరుగుతుంది. దారి కొంత ఇరుకైతే గోడలు అదిరి గురక వస్తుంది. పూర్తిగా మూసుకుంటే గురక కూడా వుండదు, ఊపిరే ఆగుతుంది.

పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే డాక్టర్లు దానిని లెక్కలోకి తీసుకుంటారు. కొందరికి అర నిమిషం, ఒక్కొక్కసారి నిమిషం దాకా కూడా ఆగుతుంది. ఆ కాసేపట్లో రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు అపాయాన్ని పసిగట్టి మనిషిని ఒక్క క్షణం మేల్కొలుపుతుంది. గొంతు బిగుసుకొని దారి తెరుచుకుంటుంది, పెద్ద శబ్దంతో గాలి లోపలికి పోతుంది. మనిషి మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. ఈ మెలకువ ఎంత చిన్నదంటే, తెల్లవారి అతనికి గుర్తే వుండదు. అందుచేత రోగి తన జబ్బుకు తాను సాక్షి కాలేడు. పక్కన పడుకున్నవారే సాక్షులు.

గంటకు 5 సార్ల లోపు ఇట్లా జరిగితే మామూలుగా లెక్క. 5 నుండి 14 వరకు స్వల్పం, 15 నుండి 29 వరకు మధ్యస్థం, 30 అంతకు పైన తీవ్రం. నా లెక్క 34 అని పైన చెప్పాను. ఆరు గంటల నిద్రలో అది రెండు వందల సార్లకు పైన అవుతుంది. రెండు వందల సార్లు లేపబడిన మనిషి పగలు కునికిపాట్లు పడడంలో వింత ఏముంది?

మన పల్లెలలో గట్టిగా గురక పెట్టేవాడిని చూసి, "అదృష్టవంతుడు, పడుకుంటే చాలు, ఒళ్ళు మరచి నిద్రపోతాడు" అంటారు. ఇది పొరపాటు. అతడు నిద్రపోవడం లేదు, రాత్రంతా గాలి కోసం పెనుగులాడుతున్నాడు.

దీనివల్ల నష్టమేమి?

రాత్రిపూట ప్రాణవాయువు తగ్గినప్పుడల్లా గుండె వేగం, రక్తపు ఒత్తిడి పైకి ఎగురుతాయి. ఏళ్ళ తరబడి ఇట్లా జరిగితే పగలు కూడా రక్తపోటు నిలిచిపోతుంది. రెండు మూడు రకాల మాత్రలు వేసుకున్నా బి.పి. లొంగనివారిలో చాలామందికి ఈ జబ్బు వుంటుంది. గుండె దడలు, గుండెపోటు, పక్షవాతం, చక్కెర జబ్బు అదుపు తప్పడం కూడా దీనితో ముడిపడి వున్నాయి. వాహనం నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం మామూలువారి కంటే రెండు రెట్ల వరకు వుంటుంది.

ఇది పట్టణాల్లోని ధనవంతుల జబ్బు అనుకోవద్దు. మన దేశంలో జరిగిన సర్వేలను ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు కలిపి లెక్కకట్టి 2023లో ప్రకటించిన దాని ప్రకారం, పెద్దవారిలో నూటికి సుమారు 11 మందికి ఈ జబ్బు వుంది. మగవారిలో ఎక్కువ, ఆడవారిలో కొంత తక్కువ. నూరు మంది సభ్యులున్న సంఘంలో ఎంతమంది అవుతారో మీరే లెక్క వేసుకోండి. వారిలో ఎక్కువమందికి తమకు జబ్బు వున్న సంగతే తెలియదు.

తెలుగు సినిమా పాటలు వినేవారికి బప్పీ లహరి పేరు తెలియనిది కాదు. 1986లో వచ్చిన సింహాసనం, 1991లో వచ్చిన గ్యాంగ్ లీడర్ చిత్రాలకు ఆయనే సంగీతం కట్టారు. ఆ పాటలు మన తిరునాళ్ళలో ఇప్పటికీ మైకుల్లో వినిపిస్తాయి. ఆయన 2022 ఫిబ్రవరి 15న 69 ఏళ్ళ వయస్సులో ముంబయిలో మరణించారు. అప్పుడు వైద్యం చేసిన డాక్టర్లు కారణాలలో ఈ నిద్రలో ఊపిరి ఆగే జబ్బును పేర్కొన్నారు. మన దేశంలో చాలామంది ఈ జబ్బు పేరును మొదటిసారి విన్నది అప్పుడే.

పాడి రైతుకు వచ్చే చిక్కు

మన వృత్తిలో ఈ జబ్బు సులభంగా దాక్కుంటుంది. పాడి రైతు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవాలి. పాల వ్యాను నడిపేవాడు ఇంకా ముందే లేవాలి. సంఘంలో పాలు పట్టేవాడికి రెండు పూటలా పని. వీరు పగలు తూగితే ఎవరూ ఆశ్చర్యపోరు. నిద్ర చాలకపోవడం వేరు, నిద్రలో ఊపిరి ఆగడం వేరు. రెంటినీ వేరుచేసి చూడడానికి ఒక సులువైన పద్ధతి వుంది. పండుగకో, చుట్టాల ఇంటికో పోయినప్పుడు నాలుగైదు రోజులు రాత్రి ఏడెనిమిది గంటలు తృప్తిగా నిద్రపోండి. తూగు తగ్గితే అది నిద్ర కొరత. ఎంత పడుకున్నా పొద్దున లేచేటప్పటికి బడలికగా వుంటే, పగలు అట్లాగే తూగుతుంటే, డాక్టరుకు చూపించుకోవలసిందే.

పాలలో వెన్న శాతం ఎంతో కంటితో చూసి చెప్పలేము గదా. చిక్కగా కనబడిన పాలకు తక్కువ రావచ్చు, పలుచగా కనబడిన పాలకు ఎక్కువ రావచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. నిద్ర విషయం కూడా అంతే.

ఎనిమిది ప్రశ్నలు

కెనడాలోని టొరంటో నగరంలో డాక్టర్లు 2008లో ఒక చిన్న ప్రశ్నల పట్టీ తయారు చేశారు. ప్రపంచమంతా ఇప్పుడు దానిని వాడుతున్నారు. ఇంట్లో భార్యాభర్తలు కలిసి కూర్చొని జవాబులు చెప్పుకోవచ్చు.

1. మూసిన తలుపు అవతలికి కూడా వినపడేంత గట్టిగా గురక వస్తుందా?
2. పగటిపూట తరచుగా అలసట, బడలిక, నిద్రమత్తు వుంటాయా?
3. నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
4. రక్తపోటు వుందా? దానికి మందు వాడుతున్నారా?
5. స్థూలకాయమా? (కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే 35 కంటే ఎక్కువ వస్తుందా?)
6. వయస్సు 50 దాటిందా?
7. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లకు మించి వుందా?
8. మగవారా?

ఎనిమిదింటిలో మూడింటికి 'అవును' అని వస్తే డాక్టరును కలవాలి. అయిదు, అంతకు మించి వస్తే ఆలస్యం చేయకూడదు. నాకు ఆరు వచ్చాయి. మనవారిలో లావు లేనివారికి కూడా ఈ జబ్బు రావచ్చు. దవడ చిన్నదిగా, లోపలికి వుంటే గొంతు దారి పుట్టుకతోనే ఇరుకు. ఆడవారికి ముట్లు ఆగిన తర్వాత ఇది పెరుగుతుంది. వారిలో గురక కంటే అలసట, నిద్ర పట్టకపోవడం, పొద్దున తలనొప్పి ముందుగా కనబడతాయి. కాబట్టి 'ఆడదానికి గురకేమిటి' అని తీసివేయవద్దు. పిల్లలు నోరు తెరిచి గురకపెట్టి నిద్రపోతూ, బడిలో చదువు మీద ధ్యాస పెట్టలేకపోతుంటే గొంతులోని టాన్సిల్స్ చూపించాలి.

పని చేసేటప్పుడు వచ్చే ఆయాసం

ఇక రెండవ విషయానికి వస్తాను. రాత్రి ఊపిరి ఆగే మనిషికి పగలు ఒంట్లో సత్తువ వుండదు. పని తగ్గిస్తాడు. పని తగ్గితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే గొంతు మరింత ఇరుకవుతుంది, గట్టు ఎక్కితే ఆయాసం వస్తుంది. నా సంగతి ఇదే. అయితే పనిలో వచ్చే ఆయాసమంతా ఇదే కాదు. ఒకే ఆయాసం వెనుక ఆరేడు జబ్బులు వుండవచ్చు. పేరు తెలియకుండా మందు వేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మన మదనపల్లెలోనే ఒక మంచి ఉదాహరణ వుంది.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి మన పెద్దలందరికీ తెలుసు. డెన్మార్కు దేశపు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానిని ఎన్నో ఏళ్ళు నడిపారు. అక్కడికి దగ్గు, ఆయాసంతో వచ్చేవారిలో కొందరి ఎక్స్‌రే చూస్తే అచ్చం క్షయలాగే వుండేది. కాని కళ్ళెలో క్షయ క్రిములు కనబడేవి కావు. ఆయన, డాక్టరు బార్టన్ కలిసి వారి రక్తాన్ని పరీక్షించి, ఇసినోఫిల్ అనే కణాలు విపరీతంగా పెరిగి వున్నాయని కనుగొన్నారు. ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని 1940లో వైద్య పత్రికలో ప్రకటించారు. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, ఆయాసం దీని లక్షణాలు. దీనినే తర్వాత 'ట్రాపికల్ ఇసినోఫీలియా' అన్నారు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలకు ఒళ్ళు ఎదురుతిరగడం వల్ల ఇది వస్తుందని తర్వాత తేలింది. దానికి సరైన మందు వుంది, మూడు వారాలు వాడితే చాలామందికి గుణమిస్తుంది. క్షయ అనుకొని వున్నంత కాలం ఆ రోగికి కావలసిన మందు అందదు. ఒక చుక్క రక్తం చూస్తే సంగతి తేలింది. మన ఊరి పక్కన నేర్చిన పాఠాన్ని మనం మరచిపోకూడదు.

ఆయాసం ఎప్పుడు, ఎట్లా వస్తుందో గమనించి డాక్టరుకు చెబితే సగం పని అయినట్లే. మన సభ్యులకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి:

ఉబ్బసం: మంచు కాలంలో తెల్లవారుజామున చలిగాలిలో వేగంగా నడిచినా, పరుగెత్తినా ఛాతీ బిగుసుకొని పిల్లికూతలు వస్తాయి. చాలాసార్లు పని చేస్తున్నప్పుడు కాక, ఆపిన తర్వాత అయిదు పది నిమిషాలకు ఎక్కువవుతుంది. కబడ్డీ ఆడివచ్చిన పిల్లవాడు ఇంటికొచ్చి దగ్గుతూ కూర్చుంటే ఇది అనుమానించాలి. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం కొంత మేలు చేస్తాయి. పీల్చే మందు అలవాటై పోతుందని భయపడవద్దు. మాత్రకన్నా అదే తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. అయితే ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చే మందుతో సరిపెట్టుకోక, డాక్టరు వ్రాసిన వాపు తగ్గించే మందును క్రమంగా వాడాలి.

పొగ వల్ల వచ్చే జబ్బు: ఏళ్ళ తరబడి బీడీ తాగినవారికి, పొయ్యి దగ్గర పొగ పీల్చిన ఆడవారికి ఊపిరిగొట్టాలు దెబ్బతింటాయి. పొద్దున దగ్గు, కళ్ళె, ఏటికేడు పెరిగే ఆయాసం దీని గుర్తులు. గొట్టంలోకి గట్టిగా ఊది చేసే పరీక్షలో తెలుస్తుంది.

బూజు మేత: వానకు తడిసిన వామి విప్పినప్పుడు, బూజు పట్టిన చెనక్కాయ కట్టె దులిపినప్పుడు లేచే దుమ్ములో బూజు విత్తులు కోట్లకొద్దీ వుంటాయి. అవి పడనివారికి నాలుగు నుండి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి. రెండు రోజులకు తగ్గుతాయి. మళ్ళీ ఆ మేత ముట్టుకుంటే మళ్ళీ వస్తాయి. మలేరియా అనో, ఫ్లూ జ్వరమనో పొరబడతారు. పదే పదే వస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ప్రమాదం వుంది. ఇంగ్లీషులో దీనికి 'రైతు ఊపిరితిత్తి' అనే అర్థం వచ్చే పేరే వుంది. మేతను బాగా ఎండిన తర్వాతే వామి వేయాలి. బూజు పట్టినదానిని పశువులకూ పెట్టకూడదు. దులపక తప్పనప్పుడు గాలి వాలు చూసి నిలబడి, దుమ్మును ఆపే మాస్కు కట్టుకోవాలి.

రక్తం తక్కువ కావడం: ఒక సంఘంలో సభ్యురాలు గడ్డిమోపు ఎత్తుకొని గట్టు దాటడానికి మూడుచోట్ల కూర్చునేది. వయస్సు నలభై కూడా లేదు. ఊపిరితిత్తులు బాగున్నాయి, గుండె బాగుంది. రక్తంలో హిమోగ్లోబిన్ 7 మాత్రమే వుంది. ఆడవారికి 12 వుండాలి. ఆరు నెలలు ఇనుము మాత్రలు వాడిన తర్వాత ఆమె మోపుతో ఆగకుండా నడుస్తున్నది. ఇంటిల్లిపాదికీ పాలు పోసి తాను చివర మిగిలింది తినే తల్లులు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు.

గుండె: క్యాను ఎత్తినా, గట్టు ఎక్కినా ఛాతీ మీద బరువు పెట్టినట్లు వుండి, ఆగితే తగ్గడం గుండె నాళాలలో అడ్డు వుందనే దానికి గుర్తు. పాదాలు వాయడం, పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు పెట్టుకోవడం, నడిరేయి ఆయాసంతో లేచి కూర్చోవలసి రావడం గుండె బలహీనతకు గుర్తులు. ఇవి వున్నవారు నడక, వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టరును కలవాలి.

ఛాతీ నొప్పితో చెమటలు పట్టినా, పెదవులు నీలంగా మారినా, ఒక మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా రేపటి దాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

రాత్రిపూట మేల్కొలిపే మూడింటికీ తేడా గుర్తు పెట్టుకోండి. ఉబ్బసం వున్నవాడు తెల్లవారుజామున దగ్గుతో, పిల్లికూతలతో లేస్తాడు. గుండె బలహీనత వున్నవాడు ఆయాసంతో లేచి, కూర్చుంటే నెమ్మదిస్తాడు. గొంతు మూసుకుపోయేవాడు ఎక్కువగా తనకు తెలియకుండానే లేస్తాడు. మొదటి ఇద్దరూ తమ బాధ తామే చెబుతారు. మూడవవాడి బాధ ఇంట్లోవారు చెప్పాలి.

చికిత్స ఏమిటి?

ముందుగా ఖర్చు లేనివి చెబుతాను. బరువు వున్నవారు తగ్గించుకోవాలి. పదోవంతు తగ్గినా తేడా తెలుస్తుంది. పక్కకు తిరిగి పడుకోవాలి. వెల్లకిలా తిరగకుండా వీపు వెనుక దిండు పెట్టుకోవచ్చు. రాత్రి సారాయి, బ్రాందీ తాగరాదు, డాక్టరు చెప్పనిదే నిద్రమాత్ర వేసుకోరాదు. ఇవి గొంతు కండరాలను మరింత వదులు చేస్తాయి. నిద్ర పట్టడానికని రాత్రి కొంచెం పుచ్చుకొనేవారు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. పొగ మానాలి. ముక్కు దిబ్బడకు మందు తీసుకోవాలి. థైరాయిడు లోపం వుందేమో చూపించుకోవాలి.

రోజూ అరగంట నడక మంచిది. బరువు పెద్దగా తగ్గకపోయినా వ్యాయామం వల్ల ఈ జబ్బు తీవ్రత కొంత తగ్గుతుంది. 'మాకు పశువుల పనే వ్యాయామం' అని మనవారంటారు. పొలానికి నడిచిపోయి మేత కోసుకొచ్చిన రోజుల్లో అది నిజమే. ఇప్పుడు గడ్డి కోత యంత్రం, ఇంటి ముందరే కుళాయి, సంఘానికి మోటారు సైకిలు వచ్చాయి. కూర్చొని పాలు పితకడం నడక కాదు.

జబ్బు మధ్యస్థంగానో, తీవ్రంగానో వుంటే గాలి ఒత్తిడి యంత్రం వాడాలి. దీనిని 'సీపాప్' అంటారు. ఆస్ట్రేలియాలో డాక్టరు కోలిన్ సలివాన్ 1981లో మొదట అయిదుగురు రోగుల మీద దీని పనితీరును చూపించారు. ముక్కుకు చిన్న తొడుగు పెట్టుకుంటే యంత్రం నెమ్మదిగా గాలిని పంపుతూ వుంటుంది. ఆ గాలి ఒత్తిడి లోపలి నుండి గొంతు గోడలను అతుక్కోకుండా నిలబెడుతుంది. ఇందులో మందు లేదు, ప్రాణవాయువు సిలిండరు కూడా కాదు, మామూలు గాలే. కళ్ళజోడు పెట్టుకున్నంతసేపే చూపు బాగుంటుంది గదా, ఇదీ అంతే. వాడిన రాత్రికే గుణం. మొదటి వారం ముఖాన తొడుగుతో నాకు నిద్ర పట్టలేదు, తీసి గూట్లో పెట్టేద్దామనుకున్నాను. నా భార్య ఒప్పుకోలేదు. మూడవ వారానికి పొద్దుటి తలనొప్పి పోయింది. రెండు నెలలకు బి.పి. మాత్రలలో ఒకటి డాక్టరు తగ్గించారు. యంత్రం ఖరీదు చిన్న మొత్తం కాదు. కనుక నిద్ర పరీక్ష లేకుండా, డాక్టరు వ్రాయకుండా ఎవరో చెప్పారని కొనవద్దు. కొందరికి పళ్ళ డాక్టరు చేసే దవడ పట్టీ, కొందరికి టాన్సిల్స్, ముక్కు ఆపరేషను సరిపోతాయి.

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., చక్కెర, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆ చీటీలతో మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. నిద్ర పరీక్ష అవసరమంటే కుప్పం పి.ఇ.ఎస్. వైద్య కళాశాల, తిరుపతి స్విమ్స్, రాయవేలూరు సి.ఎం.సి. వంటి పెద్ద ఆసుపత్రులలో ఊపిరితిత్తుల డాక్టరును కలవాలి. ముందుగా ఫోనులో కనుక్కొని, భార్యనో భర్తనో వెంట తీసుకొనిపోండి. డాక్టరు అడిగే ముఖ్యమైన ప్రశ్నలకు జవాబు వారి దగ్గరే వుంటుంది. సెల్‌ఫోనులో రెండు నిమిషాలు గురక పట్టి తీసుకొనిపోయినా మంచిదే.

సంఘాలకు నా సూచన

ఇది ఒక్క మనిషి సొంత జబ్బే కాదు, సంఘానికి కూడా సంబంధం వుంది. పాల వ్యాను తోలేవాడు చీకట్లో ఘాట్ మలుపులో కన్ను మూస్తే, పోయేది పాలు మాత్రమే కాదు. పాలు పరీక్షించేవాడు తూగుతూ అంకె తప్పు వ్రాస్తే సభ్యుడికి నష్టం, సంఘానికి చెడ్డ పేరు. అందుచేత పాలకవర్గాలకు మూడు సూచనలు చేస్తున్నాను.

1. వచ్చే సమావేశంలో పై ఎనిమిది ప్రశ్నలను చదివి వినిపించండి. ఆడవారు కూడా హాజరయ్యేటట్లు చూడండి. అసలు సాక్ష్యం వారిదే.

2. వ్యాను డ్రైవర్లకు, రెండు పూటలా పని చేసే సిబ్బందికి ఏడాదికి ఒకసారి బి.పి., చక్కెర పరీక్షతో పాటు ఈ ప్రశ్నలు కూడా అడిగించండి. 'అవును' అన్నవాడిని పనిలో నుండి తీసివేయవద్దు. తీసివేస్తారని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు. చికిత్స జరిగేదాకా రాత్రి బండి బదులు పగటి పని ఇవ్వండి.

3. ఆరోగ్య శిబిరం పెట్టేటప్పుడు కండ్ల పరీక్షతో ఆపివేయక, హిమోగ్లోబిన్ పరీక్ష, ఊది చేసే పరీక్ష కూడా చేయించమని డాక్టర్లను కోరండి.

ఆవు రెండు రోజులు నెమరు వేయకపోతే మనం పశువుల డాక్టరును పిలుస్తాము. తెల్లవారుజామున మూడు గంటలకైనా టార్చి పట్టుకొని పాకలోకి పోయి చూస్తాము. ఇంట్లో మనిషి ఊపిరి ఆగి మళ్ళీ వస్తుంటే మాత్రం, గురకే గదా అని దుప్పటి కప్పుకొని అటు తిరిగి పడుకుంటాము. నా భార్య అట్లా తిరిగి పడుకోలేదు గనుక నేను ఈ నాలుగు మాటలు వ్రాయగలిగాను.

ఈ రాత్రి మీ ఇంట్లో గురకపెట్టేవారి పక్కన అయిదు నిమిషాలు కూర్చొని వినండి. గురక వున్నట్లుండి ఆగితే, మళ్ళీ ఊపిరి వచ్చేదాకా ఎన్ని అంకెలు పట్టిందో లెక్కపెట్టండి. పది దాటితే రేపు పొద్దున పాలు పోసిన తర్వాత ఆసుపత్రికి తీసుకొనిపోండి.